పళ్ల వైద్యంలో లేజరు: బోర్డు మీద రాసేది, కుర్చీలో జరిగేది

(ఢిల్లీలో మన బ్యాంకు తెలుగు సిబ్బంది కుటుంబాల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచినప్పుడు కార్యదర్శిగారు ఒక్క షరతు పెట్టారు. "పళ్లు ఎలా తోముకోవాలో మాత్రం చెప్పకమ్మా, అది అందరూ చెప్పేదే" అన్నారు. అందుకే మీరే నన్ను తరచుగా అడిగే విషయం ఎంచుకున్నాను. మా వారు మన బ్యాంకులోనే ఉన్నారు కాబట్టి బదిలీలు మా ఇంటికీ అలవాటే. హైదరాబాదు అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో చదువుకున్నాను. ఊళ్లు తిరిగి తిరిగి, ఇప్పుడు ఇందిరాపురంలో చిన్న క్లినిక్ నడుపుతున్నాను. ఈ మధ్య మన వాళ్లు ఫోన్ చేస్తే "పన్ను నొప్పి" అనడం తగ్గింది. "మేడమ్, మీ దగ్గర లేజర్ ఉందా?" అనే మొదలుపెడుతున్నారు.

అడగరా మరి! నోయిడా సెక్టార్ 18 వెళ్లినా, గురుగ్రామ్ మాల్స్‌లోకి వెళ్లినా, లక్ష్మీనగర్ సందుల్లోకి వెళ్లినా అదే బోర్డు. నొప్పి లేని లేజర్ వైద్యం, లేజర్ రూట్ కెనాల్, లేజర్ స్మైల్. ఆ బోర్డుల్లో కొంత నిజం ఉంది, కొంత వ్యాపారం ఉంది. ఒకచోట మాత్రం ప్రాణం మీదికి తెచ్చే సంగతి కూడా ఉంది. దానికి తర్వాత వస్తాను.

ముందు అసలు లేజర్ అంటే ఏమిటో చూద్దాం. అది వెలుతురే, ఇంకేమీ కాదు. సాయంత్రం ఆరు గంటలకు రాజీవ్ చౌక్ స్టేషన్‌లో జనాన్ని గుర్తు తెచ్చుకోండి. తలోవైపు, తలో వేగం, తలో రంగు. మామూలు బల్బు వెలుతురు అలాంటిది. జనవరి 26న కర్తవ్య పథ్ మీద కవాతు గుర్తు తెచ్చుకోండి. ఒకే దిక్కు, ఒకే అడుగు, ఒకే రంగు దుస్తులు. లేజర్ వెలుతురు అలా నడుస్తుంది. అందుకే ఆవగింజంత చోట అంత శక్తిని కుమ్మరించగలదు.

ఇలాంటి వెలుతురు సాధ్యమేనని చెప్పే సూత్రాన్ని ఐన్‌స్టీన్ 1917లో రాశారు. దాన్ని చేసి చూపించింది థియోడర్ మైమన్, 1960 మే 16న, అమెరికాలో, ఒక కెంపు కడ్డీతో. ఐదేళ్లు తిరక్కుండానే అది పంటి మీదికి వచ్చేసింది. 1964లో లాస్ ఏంజలెస్‌లో స్టెర్న్, సోగ్నేస్ అనే ఇద్దరు పరిశోధకులు పంటి ఎనామిల్ మీద దాన్ని వేసి చూశారు. 1965లో సిన్సినాటిలో లియోన్ గోల్డ్‌మన్ అనే చర్మవైద్యుడు ఇంకో అడుగు వేసి, తన సొంత సోదరుడి పంటి మీదే ప్రయోగించారు. ఆ సోదరుడూ పళ్ల డాక్టరే లెండి, ధైర్యం చేశారు. నొప్పి తెలియలేదన్నారు. అయితే కెంపు లేజర్ వేడికి పంటి లోపలి నరం దెబ్బతింటుందని తర్వాతి పరీక్షల్లో తేలడంతో ఆ దారి మూసుకుపోయింది.

ఆ 1964లోనే కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను కనిపెట్టింది మన దేశంలో పుట్టినాయన. పేరు కుమార్ పటేల్. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పుణె ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌కు వెళ్లారు. నోటిలోని మెత్తటి కండను కోయడానికి ఆ లేజర్‌ను నేటికీ వాడుతున్నారు. ప్రత్యేకంగా పళ్ల డాక్టర్ల కోసం చేసిన లేజర్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 1990లో, అదీ చిగుళ్ల వరకే. గట్టి పంటిని తొలిచే ఎర్బియం లేజర్‌కు 1997 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి అర్థమైతే మిగతాదంతా అర్థమైనట్టే. ఒక్కో లేజర్ వెలుతురుకు ఒక్కోదాని మీద పట్టు ఉంటుంది. కొన్ని నల్లరంగునూ, రక్తంలోని ఎరుపునూ పట్టుకుంటాయి. కొన్ని నీటిని పట్టుకుంటాయి. కాబట్టి "లేజర్ ఉందా" అనే ప్రశ్న "బండి ఉందా" అన్నట్టుంటుంది. స్కూటరూ బండే, లారీ కూడా బండే కదా!

నా దగ్గర ఉన్నది డయోడ్ లేజర్. ఎన్‌సీఆర్‌లో బోర్డు పెట్టిన చాలా క్లినిక్కుల్లో ఉండేది కూడా అదే. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది, 810, 940, 980 నానోమీటర్ల రకాలు దొరుకుతాయి. ఆ వెలుతురు కంటికి కనపడదు. మీకు కనిపించే ఎర్రచుక్క దారి చూపడానికి పెట్టిన దీపం మాత్రమే. అది చిగుళ్ల పని చక్కగా చేస్తుంది. జ్ఞానదంతం మీద కప్పుకున్న చిగురు తీయాలన్నా, క్యాప్ వేసే ముందు పంటి అంచు బయటపడేలా చిగురు సవరించాలన్నా, పెదవికీ చిగురుకీ మధ్య బిగుసుకున్న తంతువు వదులు చేయాలన్నా పనికొస్తుంది. కోస్తూనే రక్తనాళాలను మూసేస్తుంది కాబట్టి రక్తం బాగా తక్కువగా వస్తుంది. చాలాసార్లు కుట్లు అక్కర్లేదు. ఇంకో రహస్యం కూడా చెబుతాను. చాలా సందర్భాల్లో కోసేది నేరుగా ఆ వెలుతురు కాదు. వెలుతురుతో వేడెక్కిన గాజు తీగ కొస. బోర్డు మీద ఇది రాస్తే ఎవరు వస్తారు చెప్పండి?

రిటైరైన వాళ్లలో గుండెకు స్టెంట్ వేయించుకుని రక్తం పలచబడే మాత్రలు వాడేవారు ఈ సభలోనే కొందరు కనిపిస్తున్నారు. చిగుళ్ల చిన్న శస్త్రచికిత్సల్లో డయోడ్ లేజర్ నిజంగా మేలు చేసేది మీకే. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు కరెంటుతో కాల్చి కోసే పరికరాలంటే మేం జంకుతాం, లేజర్‌కు ఆ ఇబ్బంది లేదు. అయితే లేజర్ ఉంది కదా అని, లేదా లేదు కదా అని, గుండె డాక్టర్‌ను అడక్కుండా మాత్రలు మాత్రం ఆపకండి. పంటి కోసం మాత్ర ఆపి గుండె మీదికి తెచ్చుకోవడం అన్నిటికన్నా చెడ్డ బేరం.

పంటిని తొలిచేది ఎర్బియం లేజర్. 2940 నానోమీటర్ల దాని వెలుతురును నీరు గుటుక్కున మింగేస్తుంది. గట్టి ఎనామిల్‌లో నీరు బరువులో నూటికి 4 పాళ్ల లోపే. లోపలి డెంటిన్‌లో సుమారు 10. పుచ్చిన భాగంలో ఇంకా ఎక్కువ. వెలుతురు తగలగానే ఆ నీరు క్షణంలో ఆవిరై, మూకుట్లో పేలాలు పేలినట్టు, పంటి రేణువులను బయటికి చిమ్ముతుంది. చుట్టూ నీటి తుంపర పడుతూ ఉంటుంది కాబట్టి వేడి నరం దాకా పోదు. పుచ్చులో నీరెక్కువ కాబట్టి పుచ్చు ముందు పోతుంది, గట్టి పన్ను నిలుస్తుంది. ఈ సూత్రం చదివినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

రోగికి తెలిసే తేడా మాత్రం చప్పుడు. 1957లో వచ్చిన గాలిమర డ్రిల్లు నిమిషానికి 3, 4 లక్షల చుట్లు తిరుగుతుంది. ఆ "జుయ్" మనే కూత, ఆ అదురు, సగం మందికి అదే భయం. ఎర్బియం లేజర్‌లో "టప్ టప్" మనే చప్పుడే తప్ప అదురు ఉండదు. మా కాలనీలో ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె డ్రిల్లు చప్పుడు వినగానే కుర్చీ దిగి పరిగెత్తేది. ఎర్బియం మిషన్ ఉన్న ఒక స్నేహితురాలి దగ్గరికి పంపాను. చిన్న పుచ్చు, ఇంజెక్షన్ లేకుండానే అయిపోయింది. ఆ పిల్ల ఇప్పుడు నా దగ్గర నోరు తెరుస్తుంది, అదే పెద్ద లాభం. కానీ దానికి పట్టిన సమయం డ్రిల్లుకన్నా ఎక్కువ, ఖర్చూ ఎక్కువ. పుచ్చు లోతుగా ఉంటే లేజర్‌తోనూ మత్తు ఇంజెక్షన్ కావాల్సిందే. ప్రపంచవ్యాప్తంగా జరిగిన 9 అధ్యయనాలను, 662 మంది రోగుల వివరాలను 2016లో కాక్రేన్ సంస్థ సమీక్షించింది. పుచ్చు తొలగించడంలో డ్రిల్లుకూ లేజర్‌కూ తేడా కనపడలేదు. లేజర్‌తో నొప్పి, ఇంజెక్షన్ అవసరం తగ్గినట్టుంది కానీ ఆ ఆధారాలు అంత గట్టివి కావు అని తేల్చింది. నా అనుభవమూ అక్కడే ఆగుతుంది.

పాత వెండి ఫిల్లింగుల జోలికి లేజర్ వెళ్లకూడదు. వెలుతురు వాటి మీద పడి ఎదురు తిరుగుతుంది, పైగా వాటిలోని పాదరసం ఆవిరవుతుంది. లోహపు క్యాప్‌లు కోయడానికి డ్రిల్లే గతి. ఇక "లేజర్ రూట్ కెనాల్" అంటే లేజర్ ఒక్కటే పని చేసేస్తుందని కాదు. సన్నటి ఫైళ్లతో నరం తీయడం, మందునీళ్లతో కడగడం మామూలుగానే జరుగుతాయి. చివర్లో క్రిములను ఇంకాస్త చంపడానికి లేజర్ తోడొస్తుంది. చిగుళ్ల జబ్బులోనూ అంతే. గార తీయడమే అసలు వైద్యం, లేజర్ దానికి తోక.

మీరంతా అప్పుల లెక్క తెలిసినవాళ్లు కాబట్టి ఒక మాట చెబుతాను. డయోడ్ మిషన్ లక్షల్లో ఉంటుంది, ఎర్బియం పదుల లక్షల్లో. చాలామంది మీలాంటి బ్యాంకుల్లో అప్పు తీసుకునే కొంటారు. నెలనెలా కిస్తీ కట్టాల్సిన మిషన్‌ను మూలన కూర్చోబెట్టడం ఎవరికైనా కష్టం. రోగికి ఏది కావాలి అనే ప్రశ్న మెల్లగా మిషన్‌కు ఏది పని అనే ప్రశ్నగా మారిపోతుంది. అప్పు ఇచ్చేటప్పుడు మీరు ప్రాజెక్టు రిపోర్టులో రోజుకు ఎన్ని కేసులని అడుగుతారు కదా. ఆ కేసులు ఎక్కడి నుంచి రావాలంటారు?

కొన్ని నల్ల చిగుళ్ల నుంచి వస్తాయి. మన దక్షిణాది వాళ్లలో చిగుళ్లు నల్లగానో, మచ్చలు మచ్చలుగానో ఉండటం సహజం. చర్మానికి రంగిచ్చే మెలనిన్ అక్కడా ఉంటుంది. అది జబ్బు కాదు. విశాఖ నుంచి వచ్చిన ఒక తల్లి పెళ్లిచూపులకు ముందు కూతురి చిగుళ్లు గులాబీరంగు చేయమని నా దగ్గరికి తీసుకొచ్చింది. డయోడ్‌తో చేయవచ్చు, చేస్తాను కూడా, ఆ అమ్మాయి కోరితే. ఆ రోజు అమ్మాయిని అడిగితే "నాకేం ఇబ్బంది లేదు ఆంటీ, అమ్మకే" అంది. కాఫీ ఇచ్చి పంపించాను. చేసినా కొన్నేళ్లకు ఆ రంగు తిరిగి రావచ్చు. ఆ మాట ముందే చెప్పని చోట చేయించుకోకండి.

"లేజర్ వైట్‌నింగ్" సంగతి ఇంకా తమాషా. పళ్లను తెల్లబరిచేది పెరాక్సైడ్ జెల్లు. నీలం దీపాలు చాలాచోట్ల లేజర్లు కానే కావు, ఎల్‌ఈడీ బల్బులు. ముఖ్యంగా నల్గొండ, ప్రకాశం వైపు నుంచి వచ్చినవాళ్లు జాగ్రత్త. మీ పళ్ల మీది గోధుమరంగు చారలు టీ మరకలు కావు, చిన్నప్పుడు తాగిన బావినీళ్లలోని ఫ్లోరైడ్ ఎనామిల్ తయారయ్యేటప్పుడే వేసిన ముద్ర. మన దేశంలో ఈ ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది 1937లో, నాటి మద్రాసు రాజ్యంలోని నెల్లూరు జిల్లాలోనే. తేలికపాటి చారలైతే పైపొరను కాస్త అరగదీసి, జెల్లు పెట్టి తగ్గించవచ్చు. ముదిరినవైతే పైన పలచటి పొర అంటించడమే మార్గం. నీలం దీపం కింద గంట కూర్చుంటే పోయేవి కావు.

తంతువు సంగతి కూడా ఒక ముక్క. మన పిల్లలు ఇంట్లో తెలుగు, పార్కులో హిందీ, స్కూల్లో ఇంగ్లీషు వింటూ పెరుగుతారు. మాటలు కాస్త ఆలస్యమైతే అమ్మమ్మలు "నాలుక కింద తంతు కోయించండే" అంటారు. కొందరు పిల్లలకు నిజంగానే అవసరం, లేజర్‌తో కొద్ది నిమిషాల పని. కానీ నాలుక బయటికి చాపగలిగి, పైకి ఎత్తగలిగే పిల్లవాడికి కోయాల్సింది ఏమీ లేదు. ముందు చెవి పరీక్ష, మాటల నిపుణుల సలహా. ఆ తర్వాతే కోత.

ఇప్పుడు మొదట్లో ఆపిన సంగతి.

మన సిబ్బందిలోనే ఒకరి బావమరిది, యాభై దాటిన మనిషి, గురుగ్రామ్‌లో ఉద్యోగం. పేరూ ఊరూ చెప్పను. ఇరవై ఏళ్లుగా ఖైనీ అలవాటు. బుగ్గ లోపల, ఖైనీ పెట్టుకునే చోటే, రూపాయి బిళ్ల అంత తెల్లమచ్చ. నొప్పి లేదు. కారం తగిలితే మంట, అంతే. ఒక మాల్‌లోని క్లినిక్‌లో చూపిస్తే "పదిహేను నిమిషాల్లో లేజర్‌తో మాయం చేసేస్తాం" అన్నారట. డబ్బు కూడా సగం కట్టేశారు. ఆయన అక్కగారు ఎందుకో అనుమానపడి నాకు ఫోటో పంపింది. ఆ రోజు సాయంత్రమే రమ్మన్నాను.

ఆ మచ్చను లేజర్‌తో ఆవిరి చేసేస్తే ఏమవుతుందో చెబుతాను. మచ్చ కంటికి కనపడదు. కానీ అది ఏమిటో తెలియజేసే ఆధారమూ దానితోనే పొగైపోతుంది. కణాలను సూక్ష్మదర్శిని కింద చూసే డాక్టర్‌కు పంపడానికి ముక్క మిగలదు. లోపల క్యాన్సర్ మొదలై ఉంటే పైన కొత్త చర్మం కప్పేస్తుంది, కింద అది పెరుగుతూనే ఉంటుంది. తెల్లమచ్చను లేజర్‌తో తీయడమే తప్పని నేననడం లేదు. ముందు ముక్క పరీక్ష అయ్యాక, పద్ధతి ప్రకారం తీసి, తీసిన దాన్ని మళ్లీ పరీక్షకు పంపితే అది మంచి వైద్యమే. తీశాక కూడా మచ్చ మళ్లీ రావచ్చు కాబట్టి ఏళ్ల తరబడి చూపించుకుంటూ ఉండాలి.

ఆయన ఇంట్లో పెద్ద గొడవే అయింది. "ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందంట" అని భార్య ఏడుపు. మన ఊళ్లలో ఈ మాట ఎంత లోతుగా పాతుకుపోయిందో మీకు తెలుసు. పాకదు. పరీక్షకు తీసే చిన్న ముక్క వల్ల జబ్బు పాకదు, పరీక్ష చేయకుండా గడిపిన నెలల్లో పాకుతుంది. గంటసేపు కూర్చుని చెప్పాక ఒప్పుకున్నారు. రిపోర్టు క్యాన్సర్ అనే వచ్చింది. ఆపరేషన్ జరిగింది, ఆ తర్వాత రేడియేషన్ కూడా ఇచ్చారు.

రేడియేషన్ మూడో వారానికి నోరంతా పుండ్లు. గుక్కెడు మజ్జిగ కూడా దిగలేదు. అప్పుడు ఆసుపత్రిలో రోజూ నోటి లోపల సన్నటి ఎర్ర వెలుతురు పట్టారు. అదీ లేజరే! కోయని, కాల్చని, బలం తక్కువ లేజర్. దీని కథ బుడాపెస్ట్‌లో మొదలైంది. 1967లో ఎండ్రే మెస్టర్ అనే డాక్టర్ ఎలుకల మీద కెంపు లేజర్ ప్రయత్నించారు. ఆయన ఆశించిన ఫలితం రాలేదు కానీ, గొరిగిన చోట వెంట్రుకలు త్వరగా మొలవడం గమనించారు. ఆ గమనిక నుంచి పుట్టిన వైద్యం ఇది. తల, మెడ క్యాన్సర్లకు రేడియేషన్ తీసుకునేవారిలో నోటిపూత రాకుండా, వచ్చినా తగ్గేలా దీన్ని వాడమని ఇప్పుడు అంతర్జాతీయ నిపుణుల మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఎక్కడ పట్టాలి, ఎంతసేపు, ఎక్కడ పట్టకూడదు అన్నది మాత్రం క్యాన్సర్ డాక్టర్లే నిర్ణయించాలి. ఆయన మొన్న దసరాకు ఫోన్ చేశారు. మాట కొంచెం ముద్దగా ఉంది, పులిహోర తిన్నానని చెప్పారు.

అందుకని ఇంట్లో ఖైనీ, పాన్ మసాలా, వక్కపొడి వాడేవాళ్లు ఉంటే వాళ్ల నోరు చూడండి. గుట్కా నిషేధమని సంబరపడకండి, పాన్ మసాలా పొట్లం, పొగాకు పొట్లం విడివిడిగా కొని కలుపుకుంటున్నారు. పొగాకు లేని ఉత్త వక్క కూడా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నివేదిక 2004లోనే చెప్పింది. మానని పుండు రెండు వారాలు దాటినా, తెల్లగానో ఎర్రగానో మచ్చ ఉన్నా, మూడు వేళ్లు నిలువుగా పట్టేంత నోరు తెరుచుకోకపోయినా, ముందు పరీక్ష, ఆ తర్వాతే ఏ మిషనైనా.

రెండో అభిప్రాయం కావాలంటే ఢిల్లీలో ఉన్నవాళ్లకు కొరత లేదు. ఢిల్లీ గేట్ దగ్గర మౌలానా ఆజాద్ దంత వైద్య సంస్థ, ఎయిమ్స్‌లో దంత విద్యా పరిశోధన కేంద్రం, జామియా మిల్లియా దంతవైద్య విభాగం, రోహిణిలో ఈఎస్ఐ డెంటల్ కాలేజీ ఉన్నాయి. క్యూ ఉంటుంది, ఒక పూట సెలవు పెట్టాలి. కానీ అక్కడ ఎవరికీ కిస్తీల తొందర ఉండదు.

లేజర్ చేయించుకునేటప్పుడు కళ్లద్దాలు ఇస్తారో లేదో చూడండి. ఆ వెలుతురు కంటిలో పడితే చూపు పోతుంది. డాక్టరుకు, సహాయకురాలికి, మీకు, ముగ్గురికీ ఆ లేజర్ రకానికి తగిన అద్దాలు ఉండాలి. మీకు ఇవ్వకపోతే మొహమాటపడకుండా లేచి వచ్చేయండి. బిల్లు మీద "లేజర్ వైద్యం" అని ఒక్క ముక్క రాస్తే ఊరుకోవద్దు. ఏ పన్ను, ఏ జబ్బు, ఏం చేశారు అని రాయించుకోండి. పళ్లకూ మీ ఖాతాల్లాగే నంబర్లు ఉంటాయి. 36 అంటే కింది ఎడమవైపు మొదటి పెద్ద దవడపన్ను. రేపు రీయింబర్స్‌మెంటు అడిగితే మీ హెచ్‌ఆర్ వాళ్లు చూసేది జబ్బు పేరు, మిషన్ పేరు కాదు. అందానికి చేయించుకున్నదీ, జబ్బుకు చేయించుకున్నదీ ఒకే బిల్లులో కలపనివ్వకండి.

ప్రశ్నలుంటే అడగండి. నేను చేతి టార్చి, గ్లౌజులు తెచ్చుకున్నాను. పక్క గదిలో కూర్చుంటాను. పొగాకు, వక్క అలవాటున్నవాళ్లు భోజనాలకు ముందే ఒక్కొక్కరుగా వచ్చి నోరు చూపించుకుని వెళ్లండి. రెండు నిమిషాల పని, ఎవరి పేరూ రాసుకోను. ఆడవాళ్లు కూడా రండి. చీర కొంగులో వక్కపొడి డబ్బీ ఉన్నవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారని నాకు తెలుసు.